వెంటిలేటర్ నుంచి బయటపడ్డారు, లేచి కూర్చోలేకపోతున్నారు. రీహాబ్‌లో చేర్చాలా, ఇంటికి తెచ్చుకోవాలా?

గోదారిగట్టు | 12 జూన్ 2021, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. నాన్నకు 57 ఏళ్లు, షుగర్ ఉంది. మే 3న కోవిడ్‌తో హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. 31 రోజులు ఐసీయూ, అందులో 24 రోజులు వెంటిలేటర్. మధ్యలో ట్రాకియాస్టమీ చేశారు, అంటే గొంతుకు రంధ్రం చేసి ఊపిరి ట్యూబు పెట్టారు. జూన్ 5న వార్డుకు మార్చారు. గండం గడిచిందని ఆ రోజు అమ్మ ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది.

ఇవాళ డాక్టరు గారు వచ్చి, నాలుగైదు రోజుల్లో డిశ్చార్జ్ అన్నారు. నాన్న తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లలేరు. చెయ్యి ముక్కు దాకా లేవదు. నిన్న దోమ నుదుటి మీద వాలితే తోలుకోలేక నా వైపు చూశారు. గొంతులో ట్యూబు ఉంది కాబట్టి మాట లేదు. ముక్కులో ఆహారం వెళ్లే రైల్స్ ట్యూబ్, ఆక్సిజన్ 2 లీటర్లు, నడుము కింద పుండు. ఎడమ పాదం వేలాడిపోతోంది. 81 కిలోల మనిషి 64కి వచ్చారు.

ఇల్లు రాజమండ్రిలో, రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. వార్డులో ఒక నర్సు రీహాబ్ సెంటర్ గురించి చెప్పింది. రీహాబ్ అంటే తాగుడు మాన్పించే చోటనే నాకు తెలుసు. ఫోన్ చేస్తే రోజుకు 6,500, మందులు వేరే అన్నారు. అమ్మ బంగారం ఇప్పటికే బ్యాంకులో ఉంది. అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

కోనసీమ కుర్రాడు | 13 జూన్, ఉదయం 7:05

అక్కా, ఇంటికి తెచ్చేసుకోండి. మా మామయ్య 10 రోజులు ఆక్సిజన్ మీద ఉండి వచ్చాడు. నాటుకోడి పులుసు, రోజూ రెండు గుడ్లు, పొద్దున్నే ఎండ. నెల తిరిగేసరికి పొలం వెళ్లాడు. రీహాబ్ అంతా బిజినెస్.

చిట్టి నెల్లూరు | 13 జూన్, ఉదయం 7:31

కృష్ణపట్నం ఆనందయ్య గారి నాటు మందు వేయించారా అండీ?

మోడరేటర్ | 13 జూన్, ఉదయం 8:10

దానికి వేరే థ్రెడ్ ఉంది, 41 పేజీలు అయింది. అక్కడ మాట్లాడుకోండి. అలాగే అందరికీ ఒక మనవి, ఇక్కడ ఆసుపత్రుల మీద ఫిర్యాదులు పేర్లతో రాయకండి.

ఫిజియో అన్న | 13 జూన్, మధ్యాహ్నం 2:20

కోనసీమ తమ్ముడూ, మీ మామయ్య ఉన్నది మాస్కు మీద. వీళ్ల నాన్నగారు మత్తులో, కదలకుండా చేసే ఇంజెక్షన్ల మీద, రోజుల తరబడి బోర్లా పడుకుని ఉన్నారు. రెంటికీ పోలిక లేదు.

గోదారిగట్టు గారూ, మీ నాన్నగారికి ఉన్నదాన్ని మేం ఐసీయూ వీక్‌నెస్ అంటాం. కోవిడ్ రాకముందే, 2013లో, లండన్ వాళ్లు 63 మంది ఐసీయూ పేషెంట్ల తొడలకు అల్ట్రాసౌండ్ తీసి కొలిచారు. 10 రోజుల్లోనే తొడ ముందు కండరం సగటున దాదాపు 18 శాతం సన్నబడింది. మీ నాన్నగారు 31 రోజులు ఉన్నారు. ఊరికే పడుకోవడం వల్ల మాత్రమే కాదు, ఒళ్లంతా వాపు ఉన్నప్పుడు శరీరం తన కండనే కరిగించుకుంటుంది. పైన స్టెరాయిడ్లు. స్టెరాయిడ్ దెబ్బ తొడల మీద, భుజాల మీద ముందు కనిపిస్తుంది. కుర్చీలోంచి లేవలేరు, తల దువ్వుకోలేరు. కొందరికి నరాలు కూడా దెబ్బతింటాయి. పాదం వేలాడటం దానివల్ల కావచ్చు, మోకాలి పక్కన నరం నొక్కుకుపోయి కూడా కావచ్చు. న్యూరాలజిస్టుకు చూపించండి. ఈలోగా పాదాన్ని ఎత్తి పట్టి ఉంచే స్ప్లింట్ వేయించండి, లేకపోతే పిక్క బిగుసుకుపోయి రేపు బలం వచ్చినా పాదం నేల మీద ఆనదు.

ఇల్లా రీహాబా అంటే, ట్యూబు, పుండు, మింగలేకపోవడం, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలని ఒళ్లు, ఈ నాలుగూ కలిసి ఉన్న మనిషిని నేనైతే ఇంటికి పంపను. గొంతులోని ట్రాక్ ట్యూబులో కఫం అడ్డుపడితే నిమిషాల మీద తీయాలి. అర్ధరాత్రి 2 గంటలకు మీ రెండో అంతస్తులో ఎవరు తీస్తారు?

చేర్చే ముందు స్వయంగా వెళ్లి చూడండి. చెప్పకుండా, మధ్యాహ్నం 3 గంటలకు వెళ్లండి. పేషెంట్లు మంచాల మీద ఉన్నారా, కుర్చీల్లో ఉన్నారా చూడండి. అందరూ పడుకునే ఉంటే అది రీహాబ్ కాదు, ఖరీదైన లాడ్జి. రాత్రిపూట సక్షన్ చేసే, అంటే మిషన్‌తో కఫం లాగే నర్సు ఉందా, మింగడం పరీక్షించే స్పీచ్ థెరపిస్ట్ ఉన్నారా, రోజుకు ఎన్ని గంటలు ఎవరి చేత చేయిస్తారో అడగండి. రోబో మిషన్లు చూపిస్తే చూసి నమస్కారం పెట్టండి. మీ నాన్నగారికి ఇప్పుడు కావాల్సింది రెండు జతల చేతులు.

నేను ఏ సెంటర్లోనూ పనిచేయను, ఇళ్లకు వెళ్లి చేస్తాను. ఆ లెక్కన మీరు ఇంటికి తెచ్చుకుంటేనే నాకు బేరం.

కోనసీమ కుర్రాడు | 13 జూన్, మధ్యాహ్నం 2:44

సరే అన్నా, తెలియక అన్నాను. గుడ్లు మాత్రం పెట్టొచ్చుగా?

ఫిజియో అన్న | 13 జూన్, మధ్యాహ్నం 3:02

పెట్టొచ్చు కాదు, పెట్టాలి. కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా ప్రోటీన్ కావాలి. 64 కిలోలకు రోజుకు 77 నుంచి 96 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. కిడ్నీల రిపోర్టు చూసి డైటీషియన్ లెక్క వేస్తారు. ఇప్పటికైతే అంతా ముక్కు ట్యూబులోంచే.

మానేరు | 13 జూన్, రాత్రి 9:15

ఇంటికి తెచ్చుకున్నవాళ్ల కథ కూడా వినండి అక్కా. మాది కరీంనగర్ పక్కన. రీహాబ్‌కు పైసల్లేవు, మా బాపును ఇంటికే తెచ్చినం. మంచం తల వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేసినం, ఎయిర్ బెడ్ కిరాయికి తెచ్చినం. ఫిజియో వారానికి మూడుసార్లు వచ్చేటోడు. చేతులు, కాళ్లు మంచిగనే వస్తున్నయి.

కానీ ఒక తప్పు చేసినం. బాపు దూప అంటుంటే మా అమ్మ గ్లాసుతో నీళ్లు తాగించేది. ఒక్కసారి కూడా దగ్గలేదు, మంచిగనే మింగుతున్నడు అనుకున్నం. వారానికి జ్వరం, నిమోనియా, మళ్లీ ఏడు రోజులు ఆసుపత్రి. నీళ్లు పొట్టలోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి పోతున్నయట. చాలా రోజులు ట్యూబు ఉన్నోళ్లకు గొంతు మొద్దుబారి దగ్గు కూడా రాదని డాక్టర్ చెప్పిండు. మీరు మాత్రం పరీక్ష చేయకుండా చెంచా నీళ్లు కూడా పోయకండి.

ఇప్పుడు బాపు బాగున్నడు. కట్టె పట్టుకుని నడుస్తున్నడు.

ఎడిసన్ ప్రసాద్ | 14 జూన్, ఉదయం 6:30

నేను పేషెంటునే. న్యూజెర్సీ, 2020 ఏప్రిల్. వెంటిలేటర్ మీద 16 రోజులు. ఇక్కడ రీహాబ్ ఆసుపత్రిలో చేరాలంటే రోజుకు 3 గంటల చొప్పున వారానికి 5 రోజులు థెరపీ తట్టుకోగలగాలనేది ఇక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ లెక్క. పళ్లు తోముకోవడానికి సగంలో ఆగి రెస్టు తీసుకునేవాణ్ని, నాకు 3 గంటలేమిటి! కోవిడ్ రోజుల్లో ఆ రూల్ సడలించారు. నాకు మొదట్లో 20 నిమిషాల చొప్పున ముక్కలు ముక్కలుగా చేయించారు.

ఒక విషయం ఎవరూ చెప్పరు. ఐసీయూలో నేను చూసినవి. సీలింగు మీద గేదెలు నడుస్తుండేవి. నర్సులు నన్ను అమ్మేయడానికి బేరమాడుతున్నారని గట్టి నమ్మకం. ఇంటికొచ్చిన రెండు నెలల తర్వాత గానీ మా ఆవిడకు చెప్పలేకపోయాను, పిచ్చి అనుకుంటుందని. దాన్ని డెలీరియం అంటారట, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మామూలేనట. మీ నాన్నగారికి మాట వచ్చాక ఏమన్నా వింతగా చెబితే నవ్వకండి, కాదని వాదించకండి. పక్కన కూర్చుని ఏ రోజు ఏం జరిగిందో వరుసగా చెప్పండి. ఆ నెలంతా ఆయనకు ఖాళీ.

గోదారిగట్టు | 17 జూన్, రాత్రి 10:55

నిన్న చేర్చాం. ఊరి చివర సెంటర్. ఫిజియో అన్న చెప్పినట్టే చెప్పకుండా వెళ్లి చూశాను. మొదటి చోట అందరూ పడుకుని టీవీ చూస్తున్నారు. రెండో చోట ఒకాయన కారిడార్లో వాకర్‌తో నడుస్తూ ఫిజియోను తిడుతున్నాడు. అక్కడే చేర్చాం.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ | 18 జూన్, ఉదయం 5:40

అమ్మా, మంచి పని చేశావు. వైరస్ వచ్చిపోయాక మనిషిని మళ్లీ నిలబెట్టడం మన దగ్గర కొత్తేమీ కాదు. పోలియో వైరస్సే కదా. 1971లో మా తమ్ముణ్ని చిత్తూరు నుంచి బస్సులో వేలూరు సీఎంసీకి తీసుకెళ్లాం. అక్కడి రీహాబ్ విభాగానికి పెద్ద డాక్టర్ మేరీ వర్ఘీస్. ఆవిడే చక్రాల కుర్చీలో వచ్చేది. 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతింది, కాళ్లు పనిచేయవు. కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది, తర్వాత అమెరికా వెళ్లి ఈ వైద్యం నేర్చుకొచ్చింది. పేషెంట్లు ఉండి బాగు చేయించుకునే సంస్థ 1966లో అక్కడ మొదలైంది. ఇక నడవడేమో అని మా నాన్న ఏడుస్తుంటే, ఆవిడ మాట్లాడకుండా తన కుర్చీని మా తమ్ముడి మంచం దాకా తోసుకొచ్చింది. తమ్ముడు కాళ్లకు కట్టుకునే క్యాలిపర్లతో 30 ఏళ్లు స్కూల్లో పాఠాలు చెప్పాడు.

ప్రైవేటు భరించలేని వాళ్లు వేలూరు సీఎంసీని, కేంద్ర ప్రభుత్వానివైన బెంగళూరు నిమ్హాన్స్‌ను, కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లో ఉన్న రీహాబ్ సంస్థను కూడా కనుక్కోండి. శ్రీకాకుళం వాళ్లకు కటక్ రైలు ప్రయాణమే.

గోదారిగట్టు | 24 జూన్, రాత్రి 11:20

వారం అయింది. సోమవారం మొదటిసారి మంచం అంచున కూర్చోబెట్టారు, కాళ్లు కిందికి వేలాడేసి. వెనక ఒకరు, ముందు ఒకరు. మెడ నిలబడలేదు, గడ్డం ఛాతీకి ఆనిపోయింది. 40 సెకన్లు. అంతలోనే బనియన్ తడిసిపోయింది, నాడి 128కి వెళ్లింది. పడుకోబెట్టాక గంటన్నర నిద్రపోయారు. బుధవారానికి 4 నిమిషాలు. టిల్ట్ టేబుల్ అని ఒకటి ఉంది, బెల్టులతో కట్టి మంచాన్నే నెమ్మదిగా నిలబెడతారు. 30 డిగ్రీల దగ్గరే బీపీ పడిపోయి కళ్లు తేలేశారు, దించేశారు. ఇవాళ 45 దాకా వెళ్లారు.

నిన్న గొంతు ట్యూబుకు మాట్లాడే వాల్వ్ పెట్టారు. యాభై రోజుల తర్వాత నాన్న గొంతు. అమ్మ, నేను ఊపిరి బిగబట్టుకుని నిలుచున్నాం. మొదట అన్న మాట, "షాపు తాళాలు ఎవరి దగ్గరున్నాయి?" నాన్నకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. అమ్మ నవ్వాలో తిట్టాలో తెలియక బయటికి వెళ్లిపోయింది.

బాగాలేనిది కూడా రాస్తాను. రాత్రి బెల్ కొడితే ఒక్కోసారి 20 నిమిషాలకు గానీ అటెండెంట్ రాడు. డైపర్ తడిసి పుండు మీద పడుతోంది. రెండుసార్లు గొడవ పడ్డాను. ఇప్పుడు ప్రతి రెండు గంటలకు పక్క మార్చినట్టు కాగితం మీద సంతకం పెట్టిస్తున్నాను. ఇంత డబ్బు తీసుకుని రాత్రికి ఇద్దరు అటెండెంట్లు, 22 మంచాలు.

గోదారిగట్టు | 30 జూన్, రాత్రి 9:48

రెండు రోజులుగా నాన్న గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు. థెరపీకి రానంటున్నారు. "నన్ను అక్కడే పోనివ్వాల్సింది" అన్నారు. ఏం చేయాలో తెలియడం లేదు.

లీడ్స్ లక్ష్మి | 1 జులై, ఉదయం 4:15

గోదారిగట్టు, నేను ఇంగ్లండ్‌లో నర్సుని. ఇక్కడ 2020 మేలో సర్రేలో హెడ్లీ కోర్ట్ అనే చోట కోవిడ్ నుంచి బయటపడ్డవాళ్ల కోసమే సీకోల్ సెంటర్ అని తెరిచారు. అంతకుముందు గాయపడ్డ సైనికుల్ని బాగుచేసిన చోటది. నేను పనిచేసేది అక్కడ కాదు, మా ఊరి వార్డులో. కానీ మీ నాన్నగారి లాంటివాళ్లను ఆ ఏడాదంతా చూశాను. రెండో వారం, మూడో వారం ఇలా గోడ వైపు తిరగడం చాలామందిలో చూశాను. ప్రాణం నిలబడిందన్న ఊపు తగ్గి, తన ఒళ్లు ఏమైపోయిందో తెలిసొచ్చేది అప్పుడే.

మేం మొదటి రోజే అడిగే ప్రశ్న ఒకటి ఉంది, మీకు ముందు ఏం చేయాలనుంది అని. నడవాలని మనం అనుకుంటాం. వాళ్లు వేరే చెబుతారు. ఒక ముసలాయన తన టీ తానే కలుపుకోవాలన్నాడు. మా థెరపీ అంతా కెటిల్ చుట్టూ తిరిగింది. మీ నాన్నను అడిగి చూడు. నిద్ర, ఆకలి కూడా పోతే సైకియాట్రిస్టును పిలిపించు, ఆలస్యం చేయకు.

గోదారిగట్టు | 5 జులై, రాత్రి 10:30

లక్ష్మక్కా, అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కూతురి వయసు పిల్లలు నాకు డైపర్ మారుస్తున్నారమ్మా" అన్నారు. అంతే. బాత్రూమ్‌కు తానే వెళ్లాలట. ఇన్ని రోజులు పక్కన ఉండి నాకు తట్టలేదు.

ఫిజియో అమ్మాయికి చెబితే మొత్తం మార్చేసింది. రెండు వైపులా పట్టుకుని నడిచే పార్లల్ బార్స్ పక్కన పెట్టి, మంచం మీంచి కమోడ్ కుర్చీకి మారడమే పని. ముందుకు వంగడం, ముక్కు వేళ్లకు సూటిగా రావాలి, అప్పుడు లేవడం. రోజుకు ముప్పైసార్లు. ముప్పైలో ఇరవై తొమ్మిది లేవలేదు మొదటి రోజు. శనివారం పొద్దున ఒకరి చెయ్యి మాత్రమే పట్టుకుని కమోడ్ మీద కూర్చున్నారు. కర్టెన్ వేయించి మమ్మల్ని బయటికి పొమ్మన్నారు.

గొంతు ట్యూబు శుక్రవారం తీసేశారు. మింగే పరీక్షలో పల్చటి నీళ్లు ఇంకా వద్దన్నారు, చిక్కటి రాగి జావ పర్లేదన్నారు. నిటారుగా కూర్చుని, గడ్డం కిందికి దించి, ఒక్కో చెంచా. మానేరు తమ్ముడి పోస్టు చదివి ఉండకపోతే అమ్మ ఎప్పుడో కొబ్బరినీళ్లు పట్టేసేది.

ఫిజియో అన్న | 5 జులై, రాత్రి 11:05

మంచి వార్త. ఇక ముందు ఒక జాగ్రత్త. ఊపు వచ్చింది కదా అని ఇంట్లో వాళ్లు డబుల్ చేయిస్తారు. ఆయాసాన్ని పదికి ఎంతో ఆయన్నే చెప్పమనండి, 3, 4 మధ్య ఉంటే చాలు. రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 88 కంటే కిందికి పడితే ఆపి కూర్చోబెట్టాలి. ఇవాళ బాగా చేసి రేపు, ఎల్లుండి మంచం దిగలేకపోతే ఇవాళ్టిది ఎక్కువైందని లెక్క. బద్ధకం అని తిట్టకండి.

గోదారిగట్టు | 14 జులై, మధ్యాహ్నం 1:10

మొన్న ఇంటికి వచ్చాం, 26 రోజుల తర్వాత. మా మెట్లు 38. మలుపు మలుపుకీ ఒక కుర్చీ వేసి పెట్టాడు పక్కింటి బాబాయ్. బాగున్న కాలు ముందు పైకి, తర్వాత స్ప్లింట్ వేసిన కాలు. 25 నిమిషాలు పట్టింది. మొదటి అంతస్తు వాళ్లు తలుపు తీసి హారతి ఇస్తామంటే, ముందు ఊపిరి తీసుకోనివ్వండన్నారు నాన్న. వాకర్‌తో గది దాటి వస్తున్నారు. ఆక్సిజన్ రాత్రిపూట మాత్రమే. పుండు రూపాయి బిళ్లంత మిగిలింది.

గోదారిగట్టు | 19 ఆగస్టు, సాయంత్రం 6:22

ఇన్సూరెన్స్ క్లెయిమ్ రిజెక్ట్ అయింది. కోడ్ 05 అట. ఎవరికైనా తెలుసా?

పాలసీ పరంధామయ్య | 19 ఆగస్టు, రాత్రి 8:00

తెలుసమ్మా, 22 ఏళ్లుగా ఇదే పని. అన్ని కంపెనీల పాలసీల్లోనూ ఒకే నంబరుతో ఉండే మినహాయింపు అది. విశ్రాంతి కోసం, ఒళ్లు కడగడం, బట్టలు మార్చడం లాంటి సేవల కోసం చేరితే ఇవ్వరు. దానికి పెట్టిన పేరులో 'రీహాబిలిటేషన్' అనే మాట ఉంది కాబట్టి, ఫైల్ మీద ఆ మాట కనిపించగానే, కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ వాళ్లు కొట్టేస్తారు. కానీ నిబంధన చదివితే, ముఖ్యంగా విశ్రాంతి కోసం, వైద్యం కోసం కాకుండా జరిగిన అడ్మిషన్ అని ఉంటుంది. మీ నాన్నకు జరిగింది వైద్యమే. ట్రాక్ ట్యూబు తీశారు, పుండుకు డ్రెస్సింగ్ చేశారు, ఆక్సిజన్ ఇచ్చారు. డాక్టరు చేత రోజువారీ కేస్ షీట్లు, ఉన్నది ఉన్నట్టు ఉత్తరం రాయించి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి. నెలలో తేల్చకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. హైదరాబాద్‌లోనే ఆఫీసు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏడాది లోపు వెళ్లాలి.

ఇంకోటి, డిశ్చార్జ్ తర్వాత ఖర్చులకు చాలా పాలసీల్లో 60 రోజులు ఉంటుంది. ఇంటికి వచ్చే ఫిజియో బిల్లులు కూడా, ప్రిస్క్రిప్షన్ ఉంటే, అందులో పెట్టి చూడండి. చాలామంది పారేసుకుంటారు.

ఎడిసన్ ప్రసాద్ | 2 అక్టోబర్, ఉదయం 7:12

గోదారిగట్టు గారూ, నాన్నగారికి గజ్జల్లో గానీ తుంటిలో గానీ నొప్పి ఉందా? నాకు ఆర్నెల్లకు మొదలైంది. నడక ఎక్కువై అనుకున్నాను. ఎక్స్‌రే బాగానే ఉంది. ఎంఆర్ఐలో తుంటి ఎముక బంతికి రక్తం అందక చచ్చుబడుతోందని తేలింది, స్టెరాయిడ్ల వల్ల. త్వరగా పట్టుకున్నారు కాబట్టి ఆపరేషన్ దాకా వెళ్లలేదు. ఎక్కువ స్టెరాయిడ్లు పడ్డవాళ్లు ఆ నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు.

గోదారిగట్టు | 2 అక్టోబర్, రాత్రి 9:30

లేదండీ, అడిగాను. గుర్తుపెట్టుకుంటాం. ఇన్సూరెన్స్ వాళ్లు ఫిర్యాదు తర్వాత 71 వేలు ఇచ్చారు, పరంధామయ్య గారికి పెద్ద నమస్కారం. గది అద్దె మాత్రం ఇవ్వలేదు, అంబుడ్స్‌మన్‌కు రాస్తున్నాం.

తుని శైలజ | 21 నవంబర్, మధ్యాహ్నం 12:40

ఇప్పుడే థ్రెడ్ మొత్తం చదివాను. మా అత్తయ్యగారికి డెంగ్యూ తర్వాత కాళ్లు చచ్చుబడిపోయాయి, గులియన్ బారీ అనే నరాల జబ్బు అన్నారు. వెంటిలేటర్ నుంచి బయటకు వచ్చారు. మేం కూడా రీహాబ్ చూస్తున్నాం. మీ నాన్నగారు ఎలా ఉన్నారు? కమోడ్ కుర్చీ ఎలాంటిది తీసుకోవాలి?

గోదారిగట్టు | 21 నవంబర్, రాత్రి 8:15

నాన్న రోజూ పూట పూటా షాపుకు వెళ్తున్నారు. మెట్లు మధ్యలో ఒకసారి ఆగి ఎక్కుతారు. వైండింగ్ చేయడానికి వేళ్లలో ఇంకా పట్టు రాలేదు, సన్నతీగ జారిపోతుంది, కుర్రాడి చేత చేయించి పక్కన కూర్చుని తిడుతుంటారు. పాదానికి స్ప్లింట్ అలాగే ఉంది.

కుర్చీ కొనకండి శైలజ గారూ, మాది ఖాళీగానే ఉంది. చేతులు ఆనించుకునే భాగం పక్కకు తీసేసేది, మంచం మీంచి జరగడానికి అదే కావాలి. తుని నుంచి ఎవరైనా రాజమండ్రి వస్తుంటే పంపండి. వెనక ఎడమ కాలు కొంచెం ఊగుతుంది, కింద అట్టముక్క మడిచి పెట్టుకోవాలి. ఆ అట్టముక్క కూడా ఇస్తాను.